యూనివర్సిటీ అయిపోయాక నా సాయంత్రం ఐదున్నర ఎటు పోయింది?

పనసచెక్క:

అందరికీ నమస్కారం. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి పది నెలలైంది. ఇప్పుడు రాయదుర్గంలో ఉద్యోగం, కొండాపూర్‌లో ముగ్గురం ఉండే హాస్టల్ గది. ఉద్యోగం మంచిదే. జీతం సమయానికి పడుతోంది, నాన్న చేసిన అప్పులో సగం తీర్చాను. కానీ ఒక దిగులు వదలడం లేదు. ఇంట్లో చెబితే కంగారుపడతారని ఇక్కడ రాస్తున్నాను.

నేను మృదంగం వాయిస్తాను. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టాను. క్యాంపస్‌లో ఉన్న రెండేళ్లూ ఐదింటికి ల్యాబ్ అయిపోయేది. ఐదున్నరకి మృదంగం భుజాన వేసుకుని ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచేవాణ్ణి. నా రూమ్మేటు వయొలిన్ వాయించేవాడు, తెలుగు ఎమ్మే. ఇద్దరం ఆ గులాబీ రంగు రాతి భవనానికి ఎదురుగా, కాస్త పక్కకి చెట్టు కింద దుప్పటి పరుచుకుని కూర్చునేవాళ్లం. వాడు మోహన రాగంలో వర్ణం ఎత్తుకుంటే నేను అందుకునేవాణ్ణి. ఎవరి కోసమూ కాదు. తార్నాక నుంచి వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దాయన మాత్రం రోజూ ఆగి, నిలబడే తాళం వేసి, ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తయ్యాక వెళ్లిపోయేవారు. ఆయన పేరు మేమెప్పుడూ అడగలేదు. చీకటి పడేసరికి ఎక్కడో నెమళ్లు అరిచేవి. అప్పుడు లేచి, ఛాయ్ తాగి, మెస్‌కి వెళ్లేవాళ్లం.

ఇప్పుడు నా షిఫ్ట్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది వరకు. ఐదున్నరకి ఎనిమిదో అంతస్తులో అద్దాల పక్కన కూర్చుని ఉంటాను. చేతులు వాటంతటవే టేబుల్ మీద ఆడతాయి. మొన్న పక్క సీటు అమ్మాయి "ఏమైనా టెన్షనా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక లేదన్నాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని కచేరీలు విందామని చూశాను. పాట ఆగి మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలవగానే ఆపేస్తున్నాను. చేతులు ఖాళీగా పెట్టుకుని అది వినలేకపోతున్నాను.

పోయిన వారం ధైర్యం చేసి మృదంగం కవరు విప్పాను. తొప్పి, అంటే ఎడమ వైపు మూత మీద వాయించే ముందు పెట్టే తడి రవ్వ ముద్ద ఎండి, బీటలు వారి, చర్మానికి అతుక్కుపోయి ఉంది. వాయించగానే రవ్వ గీకేయాలని మా గురువుగారు మొదటి నెలలోనే నేర్పారు. అది మేలో, రూమ్ ఖాళీ చేసే ముందురోజు, మేమిద్దరం చివరిసారి వాయించిన సాయంత్రం పెట్టిన రవ్వ. సామాన్లు సర్దే తొందరలో అలాగే మూటకట్టేశాను. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. గీకలేదు, మళ్లీ కవరేసి పెట్టేశాను.

రూమ్మేటు ఖమ్మంలో టీచరుగా చేరాడు. ఫోన్ చేసుకుంటాం, ఎక్కువగా జీతాల గురించి, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకుంటాం. ఇప్పటి గదిలో ఒకతను నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలంతా పడుకుంటాడు. అక్కడ మృదంగం ముట్టుకునే వీలే లేదు. ఉద్యోగంలో చేరాక సంగీతం నిలబెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మొదటి ఏడాది ఎలా గడిపారో చెప్పండి.

ఉప్పల్ పెద్దాయన:

తమ్ముడూ, నేనూ ఉస్మానియానే, 1991లో బయటికొచ్చాను. బ్యాంకులో పనిచేస్తూ, బదిలీల్లోనూ మృదంగం వదల్లేదు. మధ్యలో నాలుగేళ్లు ముట్టుకోలేదు, అది కూడా చెప్పాలి.

ముందు వాయిద్యం సంగతి. ఆ రవ్వని గోటితోనో చాకుతోనో లాగేయకు, పొర లేచిపోతుంది. తడి గుడ్డ వేసి కాసేపు నాననిచ్చి, మొద్దుగా ఉన్న చెంచా అంచుతో నెమ్మదిగా తియ్యి. తడి వలంతల, అంటే కుడి మూత వైపు పోకూడదు, దాని మధ్య ఉండే నల్లటి కరణకి నీళ్లు తగిలితే దెబ్బతింటుంది. తరవాత నీడలో ఆరబెట్టు, ఎండలో కాదు. అప్పటికీ తొప్పి పలక్కపోతే బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మూత మార్పించుకో. మృదంగం డొల్ల పనస చెక్కకి ఏమీ కాదు, అది నీకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

ఇక సాధన. చేతిలో మృదంగం లేకపోతే సాధన లేదనుకోకు. నోటితో సొల్లు, అంటే మృదంగం జతులు చెప్పు, చేత్తో తాళం వెయ్యి. నిజామాబాద్‌లో అద్దెగదిలో ఉన్నప్పుడు నాకు మిగిలింది అదే. ఆది తాళం తీసుకో, ఎనిమిది లెక్కలు. చతురశ్ర నడక, అంటే లెక్కకి నాలుగు మాత్రలు, ఆవర్తనానికి 32. మొదట వచ్చే లఘువు నాలుగు లెక్కలూ వదిలెయ్యి, పదహారు మాత్రలు పోయాయి. ఇంకొక్క మాత్ర ఆగు. అప్పుడు "తదిగిణతోం" మూడుసార్లు చెప్పు. ఐదు మూళ్లు పదిహేను, సరిగ్గా సమానికి, అంటే తరవాతి ఆవర్తనం మొదటి దెబ్బకి వచ్చి పడతావు. నీకిది తెలిసిందే అయ్యుంటుంది. మెట్రోలో రాయదుర్గం నుంచి తార్నాక దాకా పెదవులు కదపకుండా లెక్క తప్పకుండా చెప్పగలవేమో చూడు. తరవాత ఖండచాపు, మిశ్రచాపు తాళాల్లో ఏం చెప్పాలో నువ్వే కూర్చుకో. నాకు లెక్కలు బాగా వచ్చింది ఆ మృదంగం లేని రోజుల్లోనే.

పొద్దున్నే పాడే అక్క:

మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను గాత్రం. సెంట్రల్ యూనివర్సిటీలో చదివాను, ఇప్పుడు ఇద్దరు పిల్లలు, మియాపూర్‌లో ఉంటున్నాం.

నేను చేసిన పొరపాటు చెబుతాను. నాతో పాడిన ముగ్గురూ మళ్లీ కలిస్తేనే పాడాలని మూడేళ్లు కూర్చున్నాను. ఒకమ్మాయి అమెరికా వెళ్లింది, ఇంకొకరు మానేశారు. చివరికి ఒక ఆదివారం ఒక్కదాన్నే చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. పాడినావిడ నాకు తెలియదు. ఆది తాళంలో వేగం పెరిగి మధ్యమకాలం మొదలవగానే హాల్లో అన్ని చేతులూ ఒకేసారి తాళం వేశాయి. మా వరసలో నలుగురం వేస్తున్నాం, ఎవరికి ఎవరూ తెలియదు. మీ వాకింగ్ పెద్దాయన గురించి చదివినప్పుడు నాకు ఆ వరసే గుర్తొచ్చింది. రవీంద్రభారతిలోనూ కచేరీలు జరుగుతుంటాయి. మీకు ఆదివారం సెలవైతే ఒక్కసారి వెళ్లండి.

మీ స్నేహితుడి సంగతి. వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామని చూడకండి. అవతలి శబ్దం ఆలస్యంగా వస్తుంది, కాలం నిలవదు, ఇద్దరికీ విసుగొస్తుంది. మేం అలా ప్రయత్నించి చిన్నబుచ్చుకుని నెల రోజులు మాట్లాడుకోలేదు. దానికి బదులు ఆయన్ని తంబూర శ్రుతితో వర్ణం రికార్డు చేసి పంపమనండి. ఏ శ్రుతిలో వాయించారో ముందే అడగండి, మీ మృదంగం దానికి కలవాలి కదా. మీరు దాని మీద వాయించి తిరిగి పంపండి.

చోటు కోసం రాంకోఠీలోని ప్రభుత్వ సంగీత కళాశాలకి వెళ్లి అడగండి. మధ్యాహ్నం షిఫ్ట్ కాబట్టి పొద్దుట మీకు ఖాళీయే. అక్కడ కుదరకపోయినా, పిల్లలకి పాట నేర్పే టీచర్లు కాలనీ కాలనీకి ఉన్నారు. మృదంగం వాయించే మనిషి వస్తానంటే వద్దనే పాట టీచరుని నేనింతవరకు చూడలేదు.

విద్యానగర్ నుంచి:

ఒక్క మాట. సెలవు దొరికింది కదా అని వెంటనే ఆ చెట్టు కిందికి వెళ్లకండి. నేను మా హాస్టల్‌కి వెళ్లాను. నా గది తలుపు మీద ఇంకెవరిదో పేరుంది. ఆ కుర్రాడు మర్యాదగా లోపలికి రమ్మన్నాడు, టీ కూడా తెప్పించాడు. తిరిగొచ్చాక వారం రోజులు బాగాలేదు. ముందు ఇక్కడ ఏదైనా ఒకటి మొదలుపెట్టండి, తరవాత వెళ్లండి.

పనసచెక్క:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరవాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఉప్పల్ అన్నగారూ, మీరు చెప్పినట్టే తడి గుడ్డ వేశాను. అరగంటకి రవ్వ మెత్తబడి పలకలుగా వచ్చేసింది. తీస్తుంటే ఏడుపొచ్చింది. తొప్పి ఇంకా పలుకుతోంది, కొంచెం మొద్దుగా. వార్లు బిగించాలి. తదిగిణతోం మెట్రోలో చెబుతున్నాను. అమీర్‌పేట్‌లో జనం ఎక్కేటప్పుడు లెక్క తప్పుతోంది, మిగతా దారంతా నిలుస్తోంది.

అక్కా, గానసభకి ఇంకా వెళ్లలేదు. కానీ మా వీధి చివర ఒక టీచరు పొద్దున ఏడున్నరకి పిల్లలకి పాట చెబుతారు. ఆమె పాట రోజూ కిటికీలోంచి వినబడుతూనే ఉంది, ఇన్నాళ్లూ వెళ్లాలని తోచలేదు. శనివారం వెళ్లి అడిగాను. ఆమె ముందు అడిగిన మాట, "ఏ శ్రుతి మృదంగం?" ఐదారుగురు పిల్లలు మొదటి పాఠాల్లోని జంట వరసలు పాడారు, నేను మెల్లగా నడక వాయించాను. ఒక చిన్న పాప పాట ఆపేసి నా చేతులే చూస్తూ కూర్చుంది. వచ్చే శనివారమూ రమ్మన్నారు.

విద్యానగర్ గారూ, చెట్టు కిందికి ఇప్పుడప్పుడే వెళ్లను. ఎండాకాలం సెలవులకి మా వయొలిన్ వాడు హైదరాబాద్ వస్తానన్నాడు, వాడు వస్తే ఇద్దరం వెళ్తాం. నిన్న రాత్రి వర్ణం రికార్డు పంపాడు. అనుపల్లవి దగ్గర వాడు ఎప్పుడూ కొంచెం తొందరపడతాడు, ఇప్పుడూ పడ్డాడు. రవ్వ కలిపి పెట్టుకున్నాను, పిల్లల పాఠం అయ్యాక టీచరుగారి వరండా తొమ్మిదిన్నర వరకు ఖాళీగా ఉంటుందట.