ఆదికాండం 1:27 – ‘వాని’ కాస్తా ‘వారిని’ ఎందుకైంది?

ప్రశ్న: “దేవుని స్వరూపమందు వాని సృజించెను, స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను.” పక్కపక్కనే ఏకవచనం, బహువచనం. ఇది అనువాదకుల పొరపాటా, మూలంలోనే ఇలా ఉందా?

జవాబు: మూలంలోనే ఉందండీ. హీబ్రూలో ముందు ‘ఓతో’ అంటే వానిని, ఆ వెంటనే ‘ఓతామ్’ అంటే వారిని. మనవాళ్లు దాన్ని చదును చేయకుండా ఉన్నదున్నట్టు తెచ్చినందుకు దణ్ణం పెట్టాలి. వరస మాత్రం మారింది. హీబ్రూలో ‘జాఖార్ ఉనెకేవా’, మగ ముందు, ఆడ తర్వాత. తెలుగులో స్త్రీ ముందుకొచ్చింది.

మీరు ఆగినచోటే యూదు పండితులూ ఆగారు. ‘బెరేషీత్ రబ్బా’ అనే ప్రాచీన వ్యాఖ్యానంలో ఇద్దరు రబ్బీల, అంటే యూదు మతగురువుల మాట వినండి. మొదటి ఆదాము ఆడా మగా కలిసిన ఒకే రూపమని యిర్మియా బెన్ ఎలాజార్ అంటాడు. షమూయేల్ బార్ నహ్మాన్ ఇంకాస్త వివరంగా చెబుతాడు: దేవుడు అతన్ని రెండు ముఖాలతో చేశాడు, తర్వాత రంపంతో కోసినట్టు కోసి ఇటొక వీపు, అటొక వీపు ఇచ్చాడు. అయితే ప్రక్కటెముక తీశాడని రాసి ఉంది కదా అని వెంటనే అడ్డు తగిలారు. దానికాయన, ప్రక్కటెముక అని మనం చదివే హీబ్రూ మాట ‘త్సేలా’కు ఇక్కడ పక్క అనే అర్థమని, నిర్గమకాండంలో మందిరపు పక్కలకు వాడినదీ ఇదే మాటేనని చూపించాడు. మన ‘ప్రక్కటెముక’లోనూ ప్రక్క ఉంది. కాకపోతే చదివేటప్పుడు మనకు ఎముకే గుర్తుంటుంది.

నన్ను కట్టిపడేసేది ఈ తర్వాతి మెట్టు. 13వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లోని కాస్టీల్ ప్రాంతంలో, యూదు మార్మిక సంప్రదాయమైన కబ్బాలాకు చెందిన ‘జోహార్’ అనే గ్రంథం బయటికొచ్చింది. భాష అరమాయిక్. 2వ శతాబ్దపు రబ్బీ షిమోన్ బార్ యోహాయ్ బోధగా అది చెప్పుకుంటుంది, కానీ అందులో ఎక్కువ భాగం మోషే దె లెయోన్‌దీ, ఆయన చుట్టూ ఉన్నవారిదీ అని నేటి పరిశోధకుల్లో చాలామంది అభిప్రాయం. జోహార్ వాదన సూటిగా ఉంటుంది: మనిషి దేవుని స్వరూపం, ఆ మనిషి ఆడా మగా కలిసినవాడు, కాబట్టి పైనా ఆ రెండూ ఉండాలి. ఆ రెండూ లేని రూపం పైలోకపు రూపమే కాదంటుంది. ఆదికాండం 5:2ను కూడా తోడు తెచ్చుకుంటుంది. అక్కడ హీబ్రూలో ఇద్దరికీ కలిపి పెట్టిన పేరు ‘ఆదామ్’, ఒక్కటే పేరు. మన తెలుగులో “వారికి నరులని పేరు పెట్టెను” అని బహువచనం చేశారు. ఇక్కడ మాత్రం నాకు బాధగా ఉంటుంది. ఇద్దరూ కలిస్తేనే ఆదామ్ అన్న వాదన మొత్తం ఆ ఒక్క ‘లు’ దగ్గర పోయింది.

కబ్బాలా చెప్పే దైవశక్తులు పది. వాటిని సెఫిరోత్ అంటారు. అందులో ‘తిఫెరెత్’ పురుషుడు. పదోది ‘మల్ఖూత్’, అంటే రాజ్యం, స్త్రీ. ఆమే షెఖీనా, మనుషుల మధ్య నివసించే దైవసన్నిధి. గలిలయలోని సఫేద్‌కు 1570లో వచ్చి 1572లోనే కన్నుమూసిన కబ్బాలా గురువు ఇస్సాకు లూరియా ఆ పాత రంపపు కథను ఏకంగా దైవంలోకే తీసుకెళ్లాడు. శిష్యుడు హయీమ్ విటాల్ రాసిపెట్టిన ప్రకారం, ఆ స్త్రీపురుష రూపాలు మొదట వీపులు అంటుకుని ఉంటాయి. ఆదాముకు పట్టిన గాఢనిద్రే అక్కడా పురుషరూపానికి పడుతుంది. ఆ నిద్రలో కోత జరుగుతుంది. ‘నెసీరా’ అంటే అదే. విడిపోయాకే ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది, కలయిక కుదురుతుంది. వీపుకు వీపు ఆని ఉన్నంతకాలం ఎంత దగ్గరున్నా అది కలయిక కాదని ఆయన లెక్క.

ప్రశ్న: అయితే ఇది మన అర్ధనారీశ్వరుడేగా?

జవాబు: చూడగానే అలాగే తోస్తుంది, కానీ లోపలికెళ్తే దారి వేరండీ. శక్తి లేనిదే శివుడు కదలలేడని శాక్తులు అంటారు. కబ్బాలాలో పురుషుడు ఇచ్చేవాడు, స్త్రీ పుచ్చుకునేది. మల్ఖూత్‌ను చంద్రుడితో పోలుస్తారు, సొంత వెలుగు లేదని. అయితే ఇవి స్థిరమైన ముద్రలు కావు. సెఫిరోత్‌లో తల్లి అనబడే ‘బీనా’ తన పైనున్న ‘హొఖ్మా’ నుంచి పుచ్చుకుంటుంది, తన కింది ఏడింటికీ తానే ఇస్తుంది. పుచ్చుకునే మల్ఖూత్ కూడా కింది లోకాలకు ఏలిక. ఇంకో సంగతి, దయ ‘హెసెద్’ కుడివైపు, పురుష పక్షం. కఠినమైన తీర్పు ‘గెవూరా’ ఎడమవైపు, స్త్రీ పక్షం. స్త్రీ అంటే మెత్తదనం అనుకుని చదివితే ఇక్కడ ఏమీ అందదు.

మరో పెద్ద తేడా ప్రవాసం. ఇశ్రాయేలు ఎక్కడికి చెరపోతే షెఖీనా అక్కడికి వెంట వెళ్లిందని యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూద్ మాట. కబ్బాలావాళ్లు దాన్ని ఆ జంట ఎడబాటుగా చదివారు. అందుకే ఒక ఆజ్ఞను పాటించే ముందు “పరిశుద్ధుణ్ణీ ఆయన షెఖీనానూ ఏకం చేయడానికి” అని సంకల్పం చెప్పుకునే ఆచారం వచ్చింది. 18వ శతాబ్దంలో ప్రాగ్ నగరపు ప్రధాన రబ్బీ యెహెజ్‌కేల్ లాండావ్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అయినా హసీదులు, అంటే యూదుల్లోని ఒక భక్తి ఉద్యమంవాళ్లు, మానలేదు, ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.