సమస్య: నిలిచినట్టివాడె నెగ్గె పరుగు

నిర్వాహకుడు, కడప:
ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. షరతు ఒక్కటే. ఇంగ్లీషు 'రన్' క్రియకున్న అర్థాల్లో ఏదో ఒకటి పద్యంలో పలకాలి, కాళ్లతో పరిగెత్తే అర్థం మాత్రం వద్దు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్లు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. 1989 ముద్రణ నాటికి పెద్దరికం 'సెట్'ది. కాబట్టి సరుకు లేదనకండి.

ఆదోని అక్క:
ఊరి వోటు కొరకు నురికిరి కొందరు
కారు జీపు లెక్కి గడప గడప
నామినేషనేసి నవ్వుచు నరుగుపై
నిలిచినట్టివాడె నెగ్గె పరుగు

ప్రొద్దుటూరు మాస్టారు:
భేష్ అక్కయ్యా! ఎన్నికల్లో అమెరికా వాడు 'రన్' అవుతాడు, బ్రిటిష్ వాడు 'స్టాండ్' అవుతాడు. మనవాడూ నిలబడతాడు. సమస్యకు తాళంచెవి మొదటి పూరణకే దొరికిపోయింది. మొదటి పాదంలో ఊ, ను చూసి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) తప్పిందని ఎవరూ ఎగబడొద్దు. 'కొరకు' ద్రుతాంతం, అంటే చివర నకారం చేరే మాట, ఆ నకారం తీస్తే మిగిలేది ఉకారమే. 'నామినేషనేసి' బజారు మాటే, అయినా ఉండనీ. 'నామినేషను వేసి' అని దిద్దితే మూడో గణం విరుగుతుంది.

కదిరి పిల్లోడు:
మొదటిసారి రాస్తున్నా సార్, తిట్టొద్దండి.
బంతి గట్టు దాటె గట్టిగా గొట్టగా
పరుగు దీయలేదు బ్యాటువాడు
నాల్గు రన్లు వచ్చె నవ్వు మోమున నుండ
నిలిచినట్టివాడె నెగ్గె పరుగు

నిర్వాహకుడు, కడప:
తిట్టేదేం లేదు నాయనా, ఊహ బాగుంది. మొదటి పాదంలో బం, గ యతి కుదరలేదు. 'గట్టిగా' తీసి 'బలముగ' పెట్టు. రగణం పోయి నలము వస్తుంది, రెండూ ఆ చోట చెల్లే ఇంద్రగణాలే. అసలు చిక్కు వేరే ఉంది. 'నాల్గు రన్లు' నామవాచకం. మనం అడిగింది క్రియ.

కదిరి పిల్లోడు:
రన్ తీశాడు అంటాం కదా సార్?

నిర్వాహకుడు, కడప:
అక్కడ క్రియ 'తీశాడు'. పద్యం నిలుస్తుంది, పోటీలో మాత్రం లెక్కలోకి రాదు.

టిఫిన్ సెంటరాయన, కడప:
నాకు తెలిసిన 'రన్' ఇదొక్కటే.
దోసె పెనము కాడ తొలిజాము మొదలుగ
కారమద్ది యద్ది గరిటె తోడ
పదుగు రురికి పోవ పదిలమ్ముగా నాడ
నిలిచినట్టివాడె నెగ్గె పరుగు

ప్రొద్దుటూరు మాస్టారు:
ఎర్రకారం వాసన ఇక్కడిదాకా వచ్చిందన్నా! వ్యాపారం 'రన్' చేయడం, అందులో నిలదొక్కుకోవడం, రెండూ ఒక్క పెనం మీదే తేలినాయి. ఒక దిద్దుబాటు. తొలిజాము అంటే సందె వాలినాక వచ్చేదని కూడా అనుకోవచ్చు, అప్పుడు మీ పెనం ఆరిపోయే వేళ. 'తొలికోడి' అనండి, గణమూ యతీ చెక్కుచెదరవు.
ఇంకో తమాషా చూడండి. ఇంగ్లీషు వాడు హోటల్ని పరిగెత్తిస్తాడు, మనం నడుపుతాం. సంసారం నడుస్తుంది, బడి నడుస్తుంది. వాడి పరుగుకు మన నడక సరిపోతుంది. అన్నిచోట్లా కాదులెండి. సినిమా 100 రోజులు ఆడుతుంది, బోరు మోటరూ ఆడుతుంది. పెన్న పారుతుంది (పారిన ఏడు), ముక్కు కారుతుంది, కొత్త చీర రంగు దిగుతుంది. ఒక్క 'రన్' పెట్టి ఇన్నిటికీ పని కానిచ్చేస్తాడు వాడు. నాకైతే అది పొదుపు కాదు, పిసినారితనం అనిపిస్తుంది.

ఆదోని అక్క:
అంత మాటనకండి మాస్టారూ. మన 'పట్టు' సంగతేంది? చెయ్యి పట్టడం, జలుబు పట్టడం, పిచ్చి పట్టడం, వాన పట్టడం, గంట పట్టడం. ఇంగ్లీషు పిల్లకు ఇవి నేర్పాలంటే ఎంత కాలం పడుతుందో! అదుగో, మళ్లీ పట్టింది.

నిర్వాహకుడు, కడప:
ఒప్పుకున్నాం అక్కా, వచ్చే వారం సమస్య దాని మీదే. ఈ వారం నా ఓటు దోసెకు. అక్క పద్యం నిర్దుష్టం, కానీ అందులో మనిషి ఊరికే నవ్వుతా కూర్చున్నట్టుంది. ఈయన నిలబడి పని చేస్తున్నాడు.

ఆదోని అక్క:
అరుగు మీద నిలబడే ఉన్నాడు, చదువుకోండి సరిగ్గా!

టిఫిన్ సెంటరాయన, కడప:
తొలికోడి అని మార్చినా మాస్టారూ. 'ఆడ' మన సీమ మాట, ఉంచాలా 'అచట' అనాలా రాత్రికి చెప్పండి. కౌంటర్ కాడ జనం నిలబడినారు.