చౌక దిగుమతి కత్తులు: లోపం ఉక్కులో ఉందా, పదునులో ఉందా?

కొత్తచేయి (ప్రశ్న):

మూడు నెలల క్రితం ఆరు వంటగది కత్తుల సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పేరున్న కంపెనీ ఒక్క కత్తికి అడిగే ధరలో సగానికే ఆరూ వచ్చాయి. పెట్టె మీద "జర్మన్ ఉక్కు" అని పెద్ద అక్షరాలతోనూ, "చైనాలో తయారైనది" అని అడుగున చిన్న అక్షరాలతోనూ ఉంది. పెద్ద కత్తి మీద 5సీఆర్15ఎంఓవి అని ముద్ర, దాని చుట్టూ అలల్లాంటి గీతలు ఉన్నాయి. మొదట్లో టమాటాను తాకితే చాలు, తెగేది. ఇప్పుడు తొక్క తెగకుండా నలిగిపోతోంది. చిన్న కత్తికి గోధుమ రంగు చుక్కలు కూడా వచ్చాయి. ఉక్కే నాసిరకమా? లేక నేను వాడే పద్ధతిలో తప్పుందా? వీటిని పక్కన పడేసి ఖరీదైన కత్తి ఒకటి కొనుక్కోవడమే మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కొలిమిపని:

పనిముట్ల ఉక్కును కాల్చి గట్టిపరిచే పనిలో చాలా ఏళ్లున్నాను కనుక ముందుగా ఆ ముద్ర సంగతి చెబుతాను. అందులోని 5 అంటే కార్బన్ సుమారు 0.5 శాతం, 15 అంటే క్రోమియం సుమారు 15 శాతం. తరువాతి అక్షరాలు కొద్దిపాటి మాలిబ్డినం, వెనేడియం ఉన్నాయని తెలుపుతాయి. జర్మనీలో పేరుమోసిన వంటగది కత్తులకు వాడే ఎక్స్50సీఆర్ఎంఓవి15 అనే ఉక్కు కూర్పు కూడా దాదాపు ఇదే. మీ పెట్టె మీది "జర్మన్ ఉక్కు" అనే మాటకు మూలం ఈ పోలికే కావచ్చు. దాన్ని పూర్తిగా అబద్ధమనలేము, నిజమని ఒప్పుకోవడానికీ మనసు రాదు. కత్తి మీద "జోలింగెన్" (కత్తుల తయారీకి పేరుమోసిన జర్మనీ ఊరు) అని ఉండటం వేరే విషయం. ఆ ఊరి పేరును ఎవరు పడితే వారు ముద్రించుకోకుండా జర్మనీలో 1938లోనే చట్టం చేశారు. "జర్మన్ ఉక్కు"కు అలాంటి కాపలా ఏదీ లేదు. "సర్జికల్ స్టీల్" అనే మాట కూడా అంతే, దానికి నిర్దిష్టమైన కూర్పంటూ లేదు.

కూర్పు ఒకటే అయినప్పుడు ధరలో అంత తేడా ఎందుకని మీరు అడగవచ్చు. ఈ రకం ఉక్కును వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాల్చి, వేగంగా చల్లార్చి, ఆ తరువాత తక్కువ వేడి మీద మళ్లీ కొంతసేపు ఉంచితే తప్ప దానికి గట్టితనమూ, విరగకుండా నిలిచే గుణమూ రెండూ రావు. కాల్చడం తక్కువైతే కార్బన్, క్రోమియం ఉక్కులో సరిగ్గా కరగక వాదర మెత్తగా ఉండిపోతుంది. రెండోసారి వేడి చేయడంలో తొందరపడితే పెళుసుబారుతుంది. గట్టితనాన్ని రాక్‌వెల్ సి కొలతలో చెబుతారు: వజ్రపు మొనను 150 కిలోల బరువుతో నొక్కి అది ఎంత లోతు దిగిందో చూస్తారు. మంచి జర్మన్ వంటగది కత్తి 56 ప్రాంతంలోనూ, గట్టి జపాన్ కత్తులు 60, ఆ పైనా ఉంటాయి. చౌక సెట్లలో 52, 53 కూడా చూశాను. ఒకే సెట్‌లోని రెండు కత్తులు రెండు రకాలుగా ఉండటమూ చూశాను. కొలిమి దగ్గర గడిపే సమయానికీ, ప్రతి కత్తినీ పరీక్షించడానికీ డబ్బు ఖర్చవుతుంది. ధర తగ్గించాలనుకునేవారు ముందు కోత పెట్టేది అక్కడే.

ఇంకొక మాట. ఫ్యాక్టరీలో తిరిగే బెల్టు మీద హడావిడిగా సానపట్టినప్పుడు వాదర కొసన ఉక్కు వేడెక్కి మెత్తబడే అవకాశం ఉంది. ఆ కొస అరిగిపోయేదాకా రాయి మీద రెండు మూడు సార్లు నూరితే, లోపలి మంచి ఉక్కు బయటపడి, ఆ తరువాత పదును ఎక్కువ రోజులు నిలవవచ్చు. కాబట్టి అప్పుడే పారవేయవద్దు.

వందమందికివంట:

పై వివరాలతో నాకు పేచీ లేదు, కానీ మూడు నెలలు వాడిన కత్తి పదును తగ్గిందని ఉక్కును తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు. సాన తగలకపోతే ఖరీదైన కత్తయినా మొద్దుబారుతుంది. నేను పనిచేసే పెద్ద వంటశాలలో ఒక కత్తి పదిమంది చేతులు మారుతుంది, కింద పడుతుంది, ఒక్కోసారి కనిపించకుండానే పోతుంది. అందుకే మేము తెలిసే చౌక కత్తులు వాడుతాము. రోజూ పని మొదలుపెట్టే ముందు స్టీలు కడ్డీ మీద నాలుగుసార్లు దువ్వి ఒరిగిన వాదరను నిటారు చేస్తాము, వారానికొకసారి రాయి మీద నూరుతాము. మెత్తని ఉక్కు త్వరగా మొద్దుబారుతుంది, నిజమే. కానీ అంతే త్వరగా పదునెక్కుతుంది. గట్టి ఉక్కును మొదటిసారి నూరడానికి కూర్చున్నవారు గంట తరువాత కూడా కూర్చునే ఉంటారు.

కొత్తచేయి గారూ, 1000 నంబరు సానరాయి ఒకటి కొనండి. కత్తి వెడల్పు 40 మిల్లీమీటర్లుంటే, వెన్ను రాయికి పది మిల్లీమీటర్ల ఎత్తున ఉండేలా పట్టుకుంటే కోణం సుమారు 15 డిగ్రీలు అవుతుంది. ఒక పక్కన నూరుతూ ఉంటే అవతలి పక్క వాదర పొడవునా వేలికి సన్నని గరుకు తగులుతుంది. అది తగిలిన తరువాతే కత్తిని తిప్పండి. ఆ గరుకు రాకముందే ఆపేయడమే కొత్తవారు చేసే పొరపాటు. గాజు పలక మీద మాత్రం కోయవద్దు. దాని మీద ఏ ఉక్కూ నిలవదు.

సన్ననివాదర:

వందమందికివంట గారితో పూర్తిగా ఏకీభవించలేను. చౌక కత్తిలో నూరినా సులభంగా పోని లోపం ఒకటుంది, అది మందం. వాదరకు కాస్త పైన మంచి వంటగది కత్తి పావు మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటే, చౌక కత్తి అర మిల్లీమీటరు దాటి ఉండటం నేను కొలిచి చూశాను. అలాంటి కత్తి కాగితాన్ని చక్కగా కోస్తుంది, గట్టి దుంపలోకి దించితే మాత్రం గొడ్డలిలా చీలుస్తుంది. పక్కలను అరగదీసి పలుచన చేయవచ్చు కానీ, దానికి పట్టే శ్రమను లెక్కగడితే ఆ కత్తి చౌక కాదు. పిడి కూడా చూడాలి. ఉక్కు పిడి చివరిదాకా వెళ్లిందా, సగంలోనే ఆగిందా, రివెట్ల పక్కన సందులున్నాయా అన్నవి ముఖ్యం. ఆ సందుల్లో నీరు చేరితే పిడి వదులవుతుంది. జేబులో మడిచి పెట్టుకునే కత్తుల విషయంలో నేను అసలు రాజీపడను. లాక్ జారితే తెగేవి మన వేళ్లే.

ఆరింటి సెట్ కూడా నా దృష్టిలో దండుగే. ఆ డబ్బంతా పెట్టి ఇదే ఉక్కుతో చేసిన ఒక్క పెద్ద కత్తిని కొని ఉంటే, అదే చైనాలో తయారైనా సరే, ఇంతకన్నా మేలైనది దొరికేది. మంచి కంపెనీలు కూడా అక్కడ చేయించుకుంటున్నాయి. దేశాన్ని చూసి కత్తిని తీసిపారేయడం పొరపాటు.

కొత్తచేయి:

అందరికీ ధన్యవాదాలు. రాయి తెప్పించి రెండు ఆదివారాలు కూర్చున్నాను. పెద్ద కత్తి మళ్లీ టమాటాను కోస్తోంది, ఈసారి మూడు వారాలైనా పదును పెద్దగా తగ్గలేదు. అయితే నూరేటప్పుడు కత్తి పక్క రాయికి తగిలినచోటల్లా ఆ అలల గీతలు చెరిగిపోయాయి! చిన్న కత్తి మాత్రం ఎంత నూరినా రెండు రోజులకే మొద్దుబారుతోంది. దాని మీద ఏ ముద్రా లేదని ఇప్పుడే గమనించాను. చుక్కల సంగతి ఎవరూ చెప్పలేదు.

కొలిమిపని:

నిజంగా పొరలు కలిపి చేసిన ఉక్కు అయితే ఆ గీతలు ఉక్కు లోపలి నుంచే వస్తాయి. మీ కత్తికి వాటిని పైపైన ముద్రించారు. పోతే పోనివ్వండి, కోతకు వాటితో పని లేదు. తుప్పు పట్టని ఉక్కును కాపాడేది దాని ఉపరితలం మీద క్రోమియం ఏర్పరచే అతిపలుచని పొర. ఉప్పు, పులుపు తగిలిన కత్తిని తడిగానే వదిలేస్తే ఆ పొర అక్కడక్కడ చెడి చుక్కలు పడతాయి. కాల్చడం సరిగ్గా జరగని కత్తిలో క్రోమియం కొంత కార్బన్‌తోనే ముడిపడిపోయి ఆ పొరకు అందదు, అందువల్ల అది మరింత త్వరగా పాడవుతుంది. పదును నిలవకపోవడం, చుక్కలు పడటం రెండూ ఒకే కత్తిలో కనిపిస్తున్నాయి కనుక, మీ చిన్న కత్తి బహుశా అటువంటిదే. దానితో పార్సిళ్లు విప్పుకోండి. పెద్దదాన్ని వాడిన వెంటనే చేత్తో కడిగి, తుడిచి పెట్టండి, డిష్‌వాషర్‌లో వేయవద్దు.