అప్‌డేట్: ఉప్పుగాలికి చిలుము పట్టిన పాత కంప్యూటర్

విశాఖ పెదవాల్తేరులో మా ఇంట్లో మూలన పడి ఉన్న పెంటియం 4 కంప్యూటర్ మదర్‌బోర్డును (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డును) కడగవచ్చునా, కడిగితే ఎలా ఆరబెట్టాలి అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పవర్ కేబుల్‌తో పాటు మదర్‌బోర్డు మీది సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీని కూడా తీసివేసి, పొడి దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపాను. ర్యామ్ స్లాట్ల పక్కన పచ్చని చిలుము, దాని చుట్టూ తెల్లని ఉప్పు పొర కనిపించాయి. ఎలక్ట్రానిక్ భాగాల శుభ్రతకు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఉప్పు దాదాపు కరగదు కనుక, ఒకరు సూచించినట్లు ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, చిప్‌ల కింద నిలిచిన నీరు బయటికి వచ్చేలా ఆ తరువాతే 99 శాతం ఆల్కహాల్ పోశాను. ఆ సమయంలో కిటికీలు తెరిచి, వంటగది పొయ్యి ఆర్పి ఉంచాను. కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కాబట్టి ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెను) మాత్రం విప్పలేదు.

అసలు చిక్కు ఆరబెట్టడంలోనే ఎదురైంది. విశాఖ తేమగాలిలో బోర్డును ఊరికే వదిలేస్తే ఆరినట్లే కనిపిస్తుంది గాని స్లాట్ల లోపల తడి ఉండిపోతుంది. అందుచేత హెయిర్ డ్రయ్యర్ జోలికి పోకుండా, ఫ్యాను గాలికి నిలబెట్టి, ఆపై తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతైన డబ్బాలో ఉంచాను.

కొత్త బ్యాటరీ వేశాక కంప్యూటర్ ఆన్ అయింది. వెనుక వైపు యూఎస్‌బీ పోర్టు ఒకటి మాత్రం ఇంకా పనిచేయడం లేదు.