జపంలో చెడు ఆలోచన వస్తే మాల మళ్ళీ మొదటి నుంచి తిప్పాలా?

గోదావరి_గట్టు:
రెండు నెలలుగా రోజూ పొద్దున 108 సార్లు రామనామం చేస్తున్నాను, మనసులోనే. ఉద్యోగం పోతుందేమో, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అవుతుందేమో అన్న దిగులు తగ్గుతుందని మొదలుపెట్టాను. తీరా కూర్చున్నాకే ఆ ఆలోచనలు ముసురుకుంటున్నాయి. మధ్యలో చెడ్డ తలపు వస్తే ఆ మాల చెల్లదేమోనని మళ్ళీ మొదటి పూసకి వస్తున్నాను. పది నిమిషాల పని గంట దాటుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను? శ్వాస మీద ధ్యాస కలిపితే మేలా?

తులసిపూస:
చెడ్డ తలపు వచ్చినంత మాత్రాన మాల చెల్లకుండా పోదండీ. గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకం చూడండి. చంచలమైన మనసు ఎటెటు పోతే అటు నుంచి వెనక్కి తెచ్చుకోమంటుంది. అది పోతుందని ముందే ఒప్పుకుని చెప్పిన మాట అది.

కూర్చున్నాకే ఎక్కువయ్యాయి అన్నారు. ఎక్కువవలేదు, వినిపిస్తున్నాయి. ఫ్యాను ఆపాక గోడ గడియారం టిక్కుటిక్కు వినపడినట్టు.

మీరు మానసిక జపంతో మొదలుపెట్టారు, చిక్కు అక్కడే. జపంలో వాచికం (పైకి పలకడం), ఉపాంశువు (పెదవులు మాత్రం కదలడం), మానసికం (మనసులోనే) అని మూడు ఉన్నాయి. మానసికం గొప్పదంటారు నిజమే, కానీ దిగులు కూడా మనసులో మాటల రూపంలోనే నడుస్తుంది. ఒకే గదిలో ఇద్దరూ మాట్లాడుతున్నట్టు అవుతుంది. కొన్నాళ్ళు మీ చెవికి వినపడేలా పైకి చెప్పండి. కుదురుకున్నాక పెదవులు మాత్రం కదిలేలా. మానసికానికి తొందరేం లేదు.

మాలని మధ్యవేలి మీద వేసుకుని బొటనవేలితో పూస లోపలికి లాగండి, చూపుడువేలు తగలనివ్వరు. శ్వాస వదిలేటప్పుడు ఒక నామం, ఒక పూస. నిమిషానికి 12 శ్వాసలనుకుంటే 108కి 9 నిమిషాలు. నాలుగు నిమిషాల్లో అయిపోతే పరుగెడుతున్నట్టు, ఇరవై దాటితే మధ్యలో ఆలోచనతో వాదనకి దిగినట్టు. ఇంకో మాల చేసేటట్టయితే మేరువు (మాల మొదలూ చివరా కలిసే చోట ఉండే పెద్ద పూస) దాటకుండా అక్కడి నుంచే వెనక్కి తిప్పాలి.

మనసు_మాట:
పై సమాధానంలో గడియారం లెక్కతో నాకు చిన్న పేచీ. ఈయన ఇప్పటికే నియమాలతో నలుగుతున్నారు, నిమిషాలు ఇంకో నియమం కాకూడదు.

చెడ్డ తలపు మళ్ళీ రాకూడదని పట్టుబడితే, వచ్చిందా లేదా అని మనసు వెతుకుతూనే ఉండాలి. అలా వెతకడమే దాన్ని పిలవడం. అందుకే తరమొద్దు, పేరు పెట్టండి. ‘ఉద్యోగం పోతుంది’ అనిపించిందా? ‘ఉద్యోగం పోతుందన్న ఆలోచన వచ్చింది’ అని ఒక్కసారి అనుకుని, వేళ్ళ మధ్య పూస గరుకుగా ఉందా నునుపుగా ఉందా చూసి, తర్వాతి పూసకి వెళ్ళండి. అలవాటయ్యాక ‘భయం’ అన్న ఒక్క మాట చాలు. తలపు తప్పా ఒప్పా అన్న విచారణ జపంలో వద్దు.

విచారణకి వేరే సమయం పెట్టండి: సాయంత్రం 15 నిమిషాలు, కాగితం మీద, మంచం మీద మాత్రం కాదు. ఎడమవైపు రేపు నేను చేయగలిగింది (బయోడేటా సరిచేయడం, అమ్మకి బీపీ చూపించడం), కుడివైపు నా చేతిలో లేనిది. ఎడమవైపువి మీ పని. కుడివైపువి దేవుడి ముందు పెట్టండి. శరణాగతి అక్కడే పనికొస్తుంది. ఎడమవైపు పనులు కూడా దేవుడి మీదే వేస్తే దిగులు ఇంకా పెరుగుతుంది.

శ్వాసని బలవంతంగా లోతుగా తీయకండి. తల తిరుగుతుంది, వేళ్ళు చిమచిమలాడతాయి, అది చూసి ఇంకో భయం పుడుతుంది. మామూలుగా వస్తున్న శ్వాసని గమనిస్తే చాలు. కళ్ళు మూసుకుంటే గుండె దడ పెరిగేవాళ్ళు దీపం వైపు చూస్తూ చేసుకోవచ్చు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మళ్ళీ మొదలుపెట్టకపోతే ఇంట్లోవాళ్ళకి కీడు జరుగుతుందన్న భయంతో తిప్పుతున్నారా? దానికే రోజూ గంటకి పైగా పోతోందా? అయితే అది ఓసీడీ (అక్కర్లేని తలపులు, వాటిని పోగొట్టుకోవడానికి ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం అనే మానసిక సమస్య) కావచ్చు, భక్తిలో లోపం కాదు. సైకియాట్రిస్టుకి ఒకసారి చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చార్మినార్_చాయ్:
తస్బీహ్‌లోనూ (మా జపమాలలోనూ) ఇదే బాధ ఉంటుంది భాయ్. నమాజు తర్వాత మూడు స్మరణలు 33, 33, 34 సార్లు చెప్పే లెక్క. సరిగ్గా అయ్యిందా అన్న అనుమానం మొదలైతే వుజూ (నమాజుకి ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోవడం) దగ్గర్నుంచి మళ్ళీ చేసేవాళ్ళున్నారు. దాన్ని వస్వసా అంటారు. పట్టించుకోకుండా ముందుకు సాగమనే పెద్దలు చెప్పేది.

గోదావరి_గట్టు:
అందరికీ ధన్యవాదాలు. కీడు జరుగుతుందన్న భయం ఉన్నమాట నిజమే. డాక్టరు గారి దగ్గరికి వెళ్తాను. ఈలోపు ఒక సందేహం: నామం పలికానా లేదా అని మధ్యలో అనుమానం వస్తే?

తులసిపూస:
వేలు ఏ పూస మీద ఉంటే అక్కడి నుంచే. లెక్క మోయడానికేగా మాల ఉన్నది. మేరువు చేతికి తగలగానే మాల సంచిలో పెట్టేసి లేవండి, సరిగ్గా కుదరలేదనిపించినా సరే. నిమిషాల సంగతి మనసు_మాట గారన్నదే రైటు, గడియారం చూడకండి.

మనసు_మాట:
మొదటి నాలుగైదు రోజులు అలా లేచాక ‘ఇంకొక్కసారి’ అని లోపల గట్టిగా లాగుతుంది. వెంటనే మొక్కలకి నీళ్ళు పోయడమో, కూరగాయల పనో పెట్టుకోండి. మాల మళ్ళీ తీయకపోతే ఆ లాగుడు దానంతటదే సడలుతుంది. తీస్తే మర్నాడు ఇంకాస్త ఎక్కువ లాగుతుంది.