పగులా, బీటా, చీలికా?

ప్రశ్న: గాజు, పింగాణీ, కాంక్రీటు లాంటి పెళుసు పదార్థాల లోపల దాగిన క్రాక్‌లను ఎక్స్-రేతో ఎలా పరిశీలిస్తారో ఒక వ్యాసం రాస్తున్నాను. క్రాక్‌కి పగులు అనాలా, బీట అనాలా, చీలిక అనాలా?

జవాబు: నా ఓటు బీటకే. "గాజు పగిలింది" అనగానే ముక్కలైందనుకుంటాం. "బీటవారింది" అంటే వస్తువు ఇంకా నిలిచే ఉంది, బలం మాత్రం తగ్గింది. ఎక్స్-రేతో చూడాలనుకునేది ఆ దశనే. గాజు తన అణుబంధాల లెక్క ప్రకారం ఉండాల్సినంత గట్టిగా ఎందుకు ఉండదో 1921లో బ్రిటిష్ ఇంజనీరు గ్రిఫిత్ వివరించాడు. కంటికి ఆనని బీటలు ముందే ఉంటాయి, లాగినప్పుడు ఒత్తిడంతా వాటి మొనల దగ్గర పోగుపడుతుంది. చాలా లోహాలైతే అక్కడ కాస్త సాగి సర్దుకుంటాయి. గాజుకు ఆ గుణం లేదు, బీట ఒక్క ఉదుటున అవతలి అంచుదాకా పరుగెడుతుంది. అప్పుడు "పగిలింది" అనండి. చీలిక కర్రకీ బట్టకీ నప్పుతుంది, ఇక్కడ వద్దు.

ఇంకొకరు: బీట అంటే పైకి కనబడేదే కదండీ?

జవాబు: వాడుకలో అంతేనండి, అందుకే "లోపలి బీట" అందాం. ఇంకో మాట, దయచేసి దాన్ని "గీత" అని రాయకండి. ఫిల్మ్ మీద గీతలా పడుతుంది కాబట్టి చాలామంది అలా రాస్తారు. నిజానికి అది గీత కాదు, రెండు ముఖాల మధ్య పలుచని ఖాళీ. కిరణం ఆ ఖాళీ వెంబడి సాగితే దానికి అడ్డొచ్చే పదార్థం తగ్గి, ఫిల్మ్ మీద నల్లని గీత పడుతుంది. అదే బీట కిరణానికి అడ్డంగా ఉంటే తేడా ఇంచుమించు శూన్యం, బీట ఉన్నా కనబడదు! అందుకే సీటీ స్కాన్‌లో నమూనాను కొద్దికొద్దిగా తిప్పుతూ వందల చిత్రాలు తీసి, కంప్యూటర్‌తో లోపలి ఆకారాన్ని కడతారు. బీట ఎక్కడ వంకర తిరిగిందో, కాంక్రీటులో ఏ కంకరరాయిని చుట్టి పోయిందో అప్పుడు తెలుస్తుంది.

"వెంట్రుకవాసి బీట" అన్న మాట నాకూ ఇష్టమే, కానీ ఈ వ్యాసంలో పొదుపుగా వాడండి. వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). చిన్న నమూనాలైతే మైక్రో సీటీ ఒకటి రెండు మైక్రాన్ల వివరం దాకా చూపగలదు. అంత సన్నని బీటకు "వెంట్రుకలో యాభయ్యోవంతు" అని రాస్తేనే కొలత తప్పదు.