పాత పెట్రోల్ ట్రక్కుకి పాయింట్లు ఉంచాలా, ఎలక్ట్రానిక్ వేయాలా?

మద్దిలపాలెం_ఎఫ్‌సీ150: నాన్నగారి మహీంద్రా ఎఫ్‌సీ-150 సింహాచలం కొండ ఎక్కుతుంటే సగంలో ఆగిపోతోంది. అరగంట చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. స్పార్క్ కోసం కరెంటుని కలిపి విడదీసే పాయింట్లు తీసేసి, ఆ పనే చేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమంటున్నాడు మెకానిక్. పెట్టించెయ్యనా?

బీచ్‌రోడ్_జీపు: పెట్టించెయ్యండి. మన ఊరి ఉప్పుగాలికి పాయింట్లు ఎన్నాళ్లు నిలుస్తాయి? వాటిని గీకి గీకి విసుగొచ్చి మార్చేశాను. రెండేళ్లుగా డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లుండే, ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా) మూత తియ్యలేదు.

గాజువాక_పాతబండి: తొందరపడకండి. వేడికి ఆగి, చల్లారాక నడుస్తోందంటే ముందు స్పార్క్‌కి వోల్టేజి పెంచే కాయిల్‌నీ, పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్‌నీ అనుమానించాలి. కాయిల్ పాడైతే, ఎలక్ట్రానిక్ పెట్టినా అదే మలుపులో ఆగుతారు. అనంతగిరి ఘాట్‌లో ఓ రాత్రి నేను రెండుసార్లు పాయింట్లు మార్చాను. తప్పంతా కండెన్సర్‌ది. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

బండి ఆగిన నిమిషంలోనే చూడాలి, చల్లారితే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. ఎక్కడా పెట్రోల్ కారడం లేదని చూసుకుని, కాయిల్ నుంచి వచ్చే లావు వైరుని డిస్ట్రిబ్యూటర్ మూత దగ్గర ఊడదీయండి. రబ్బరు పిడి ప్లయర్‌తో దాని కొసని ఇంజిన్‌కి పావు అంగుళం దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. నీలంగా గట్టిగా కరెంటు దూకితే కాయిల్ బాగున్నట్టే. అప్పుడు వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోతోందేమో చూడండి.

కరెంటు రాకపోతే, కాయిల్ నుంచి పాయింట్లకి వెళ్లే సన్న వైరు టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ బల్బు పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. వెలిగి ఆరుతూ ఉంటే పాయింట్లు పనిచేస్తున్నాయి, ముందు కండెన్సర్ మార్చండి, అదే చవక. తర్వాతే కాయిల్. ఆరకుండా వెలుగుతుంటే పాయింట్లు కలవడం లేదు. అసలు వెలగకపోతే కాయిల్‌కి కరెంటు రావడం లేదు, లేదా కాయిల్ లోపలి తీగ తెగింది, లేదా పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కండెన్సర్ షార్ట్ అయింది.

బీచ్‌రోడ్_జీపు: సరే, ముందు పరీక్ష చేయమనండి. కానీ పాయింట్లని తెరిచే ఫైబర్ కాలు అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి స్పార్క్ పడే టైమింగ్ మారుతుంది కదా? ఎలక్ట్రానిక్‌కి ఆ అరుగుదల లేదు.

గాజువాక_పాతబండి: నిజమే, ఒప్పుకుంటాను. కానీ పాయింట్ల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోతే కొండ మీద చేసేదేం లేదు, ఇంకో బండికి కట్టి లాక్కురావాలి. పాయింట్లయితే సన్నని గీకుడు కాగితం, గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే ఇంటికి చేరతాం. విల్లీస్ ఇంజిన్‌కి వచ్చే ఆటోలైట్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి గ్యాప్ 0.020 అంగుళాలు, లూకాస్ కంపెనీది అయితే దాని మాన్యువల్ చూడండి. ఎలక్ట్రానిక్ వేసినా పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ పారేయకండి, సీటు కింద పెట్టుకోండి.

మద్దిలపాలెం_ఎఫ్‌సీ150: ఆదివారం బల్బు, కొత్త కండెన్సర్ పట్టుకుని కొండెక్కుతాం. ఆగిన చోటి నుంచే రాస్తాను.